పాత ల్యాప్‌టాప్‌కు ఎస్ఎస్‌డీ అమర్చి, విండోస్‌ను కొత్తగా ఎక్కించుకోవడం

మీట నొక్కిన తరువాత తెర సిద్ధం కావడానికి నాలుగు నిమిషాలు, ఆపైన ఒక వర్డ్ ఫైలు తెరుచుకోవడానికి మరో నిమిషం పట్టే ల్యాప్‌టాప్‌ను చూసి, దాని పని అయిపోయిందనీ, కొత్తది కొనక తప్పదనీ చాలామంది అనుకుంటారు. అయితే ఏడెనిమిదేళ్ల కిందట కొన్న ల్యాప్‌టాప్‌లలో చాలావాటి ప్రాసెసర్ ఉత్తరాలు రాసుకోవడానికి, లెక్కలు చూసుకోవడానికి, ఆన్‌లైన్ తరగతులు వినడానికి ఇప్పటికీ సరిపోతుంది. ఆలస్యమంతా లోపల తిరిగే హార్డ్‌డిస్క్ వల్లనే జరుగుతోంది. నిమిషానికి 5,400 సార్లు తిరిగే పళ్లెం మీద, చదివే ముల్లు ఒకచోటి నుంచి మరోచోటికి జరిగి, కావలసిన భాగం తన కిందికి వచ్చేదాకా ఆగాలి. అందుకు ప్రతిసారీ పది పదిహేను మిల్లీసెకన్లు పడుతుంది. విండోస్ మొదలయ్యేటప్పుడు ఇలాంటి చదువులు వేలల్లో ఉంటాయి కాబట్టి ఆ మిల్లీసెకన్లన్నీ కలిసి నిమిషాలవుతాయి. ఎస్ఎస్‌డీ అంటే హార్డ్‌డిస్క్ చోట పెట్టుకునే, సమాచారాన్ని చిప్‌లలో దాచే నిల్వ పరికరం. అందులో తిరిగేది, జరిగేది ఏదీ లేదు. అదే చదువు అందులో మిల్లీసెకనులో పదో వంతులో ముగుస్తుంది.

మీ ల్యాప్‌టాప్ జబ్బు ఇదేనా అన్నది డబ్బు ఖర్చు పెట్టక ముందే తేల్చుకోవచ్చు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. ల్యాప్‌టాప్ మొరాయిస్తున్న సమయంలో అందులో డిస్క్ అన్న గడి 100 శాతం దగ్గర ఎర్రబడి, సీపీయూ (అంటే ప్రాసెసర్) గడి 20, 30 శాతంలోనే ఉంటే, ఎస్ఎస్‌డీతో మీ కష్టం తీరుతుంది. మెమరీ గడి కూడా 90 శాతం దాటి ఉంటే, ఎలాగూ అడుగు విప్పుతున్నారు కాబట్టి ర్యామ్ కూడా 4 జీబీ నుంచి 8 జీబీకి పెంచుకోవడం మంచిది. ఒకవేళ సీపీయూ గడే ఎప్పుడూ నిండి ఉంటే, ఈ ఖర్చు వల్ల అనుకున్నంత ఫలితం రాదు.

ఈ వ్యాసంలో ఉదాహరణగా తీసుకున్నది మా నాన్నగారి ల్యాప్‌టాప్. 2017లో కొన్నది, ఏడో తరం ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్‌డిస్క్. ఆయన తెలుగు ఉపాధ్యాయులుగా పనిచేసి విరమించారు. వ్యాసాలు, ఉత్తరాలు, మనవల ఫొటోలు అన్నీ అందులోనే ఉన్నాయి. ఇలాంటి ల్యాప్‌టాప్‌లు నా చేతి మీదుగా పదికి పైగా మారాయి. వాటన్నిటిలో నాకు రూఢి అయిన విషయం ఒకటుంది: స్క్రూలు విప్పి ఎస్ఎస్‌డీ పెట్టడం అరగంట పని, అసలు పని అంతా విప్పక ముందే ఉంది. పాత డిస్క్‌లో ఏమేమి ఉన్నాయో లెక్క చూసుకోవాలి. ఆ డిస్క్‌ను చెరపకుండా నెల రోజులైనా పక్కన పెట్టుకోవాలి. ఈ రెండూ చేసినవారికి, మధ్యలో ఏ తప్పు జరిగినా, పాత డిస్క్‌ను మళ్లీ బిగించుకుంటే నిన్నటి ల్యాప్‌టాప్ యథాతథంగా తిరిగి వస్తుంది.

మీ ల్యాప్‌టాప్‌లో ఏది పడుతుంది

ఎస్ఎస్‌డీలు ముఖ్యంగా రెండు ఆకారాల్లో వస్తాయి. మొదటిది పాత హార్డ్‌డిస్క్ ఉన్నచోటనే కూర్చునే రెండున్నర అంగుళాల సాటా ఎస్ఎస్‌డీ. ఇది 7 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. పాత డిస్క్ 9.5 మిల్లీమీటర్ల మందం ఉన్నట్టయితే, మిగిలిన ఖాళీలో ఎస్ఎస్‌డీ కదలకుండా చిన్న ప్లాస్టిక్ చట్రం పెట్టాలి. రెండోది చూయింగ్ గమ్ పట్టీలా సన్నగా పొడుగ్గా ఉండే ఎం.2 రకం. దీని మీద 2280 అని ఉంటే 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవు అని అర్థం. 2242, 2230 అనే పొట్టి రకాలు కూడా ఉన్నాయి కాబట్టి, మీ ల్యాప్‌టాప్‌లో ఏ పొడవు పడుతుందో కొలిచి చూసుకున్న తరువాతే కొనాలి.

ఎక్కువమంది పొరపడేది ఎం.2 దగ్గరే. ఎం.2 అన్నది ఆకారం పేరు మాత్రమే. ఆ ఆకారంలోనే, హార్డ్‌డిస్క్‌లు వాడే పాత సాటా పద్ధతిలో ల్యాప్‌టాప్‌తో మాట్లాడేవి, అంతకంటే వేగమైన ఎన్‌వీఎంఈ పద్ధతిలో మాట్లాడేవి రెండూ ఉంటాయి. కొన్ని ల్యాప్‌టాప్‌లలో, ముఖ్యంగా ఏడెనిమిదేళ్ల నాటి వాటిలో, ఎం.2 గూడు (స్లాట్) సాటాను మాత్రమే గుర్తిస్తుంది. అందులో ఎన్‌వీఎంఈ పట్టీని గుచ్చితే చక్కగా కూర్చుంటుంది, స్క్రూ కూడా పడుతుంది, కానీ బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందు తెరుచుకునే ల్యాప్‌టాప్ మూల సెట్టింగుల్లో, దాని పేరే కనిపించదు. సాటా పట్టీకి సాధారణంగా రెండు గాట్లు, ఎన్‌వీఎంఈ పట్టీకి ఎక్కువగా ఒక గాటు ఉంటాయి. అయినా గాట్లను నమ్ముకుని కొనకూడదు. హెచ్‌పీ, డెల్, లెనోవో సంస్థలు తమ మోడళ్లకు సర్వీస్ మాన్యువల్‌ను ఉచితంగా అందుబాటులో ఉంచుతాయి. ల్యాప్‌టాప్ అడుగున ఉన్న మోడల్ సంఖ్యతో దాన్ని వెతికి తెచ్చుకుంటే గూడు ఏ రకందో, స్క్రూలు ఎన్ని ఉన్నాయో, ఏ క్రమంలో విప్పాలో బొమ్మలతో సహా అందులో ఉంటుంది. నేను ఏ ల్యాప్‌టాప్ విప్పినా ముందుగా చూసేది ఆ పుస్తకాన్నే.

వేగం విషయానికి వస్తే, పాత హార్డ్‌డిస్క్ సెకనుకు 100 ఎంబీ అటూ ఇటుగా, సాటా ఎస్ఎస్‌డీ 550 ఎంబీ దాకా, మూడో తరం ఎన్‌వీఎంఈ 3,500 ఎంబీ దాకా చదవగలవు. ఈ అంకెలు చూసి సాటా గూడు మాత్రమే ఉన్నవారు దిగులుపడనవసరం లేదు. రోజువారీ పనిలో హార్డ్‌డిస్క్ నుంచి సాటాకు మారినప్పుడు కనిపించే తేడా కొండంత. సాటా నుంచి ఎన్‌వీఎంఈకి మారినప్పుడు అంత తేడా కనిపించదు. ఎస్ఎస్‌డీ త్వరగా అరిగిపోతుందన్న భయం కూడా ఇంటి వాడకానికి వర్తించదు. ఉదాహరణకు శాంసంగ్ 870 ఈవో 500 జీబీ ఎస్ఎస్‌డీకి 300 టీబీ రాతల వరకు, లేదా 5 ఏళ్ల వరకు హామీ ఉంది. రోజుకు 20 జీబీ చొప్పున రాసినా ఆ 300 టీబీ పూర్తి కావడానికి 40 ఏళ్లు పడుతుంది.

కొనేటప్పుడు పేరున్న కంపెనీది, బిల్లుతో, మూడేళ్లకు తగ్గని వారంటీతో తీసుకోవాలి. మార్కెట్ ధరలో నాలుగో వంతుకే 2 టీబీ, 4 టీబీ అంటూ ఆన్‌లైన్‌లో కనిపించేవాటి జోలికి పోకూడదు. వాటిలో చాలావాటి లోపల చిన్న మెమరీ కార్డు ఉండి, పెద్ద పరిమాణం ఉన్నట్టు చూపించేలా మార్చి ఉంటుంది. నిండిన తరువాత రాసిన ఫైళ్లు పాతవాటి మీదే పడి పాడవుతాయి. హైదరాబాదు వాళ్లు సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు పాత ల్యాప్‌టాప్‌ను వెంట తీసుకువెళ్తే, అక్కడే విప్పి చూపించుకుని సరిపోయేది కొనుక్కోవచ్చు. 500 జీబీ కొన్నాక విండోస్‌లో 465 జీబీ అని కనిపిస్తే మోసం జరిగిందనుకోకండి. తయారీదారులు వెయ్యి చొప్పున, విండోస్ 1,024 చొప్పున లెక్కించడం వల్ల వచ్చే తేడా అది.

చివరిగా ఒక హెచ్చరిక. తక్కువ ధరకు వచ్చిన 32 జీబీ, 64 జీబీ ల్యాప్‌టాప్‌లలో కొన్నిటికి నిల్వ చిప్‌ను బోర్డుకే టంకం వేసి ఉంటారు. దాన్ని తీయడం కుదరదు. పక్కన ఖాళీ ఎం.2 గూడు ఉందో లేదో మాన్యువల్‌లో చూసుకుని, ఉంటేనే ముందుకు వెళ్లాలి.

విప్పక ముందు చూసుకోవలసిన లెక్క

పాత డిస్క్ ఆరోగ్యంగా ఉందా అన్నది మొదటి ప్రశ్న. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ తెరిస్తే డిస్క్ పరిస్థితి నీలం రంగులో బాగుందనో, పసుపు రంగులో జాగ్రత్త అనో చూపిస్తుంది. పసుపు కనిపించినా, డిస్క్ నుంచి టిక్కు టిక్కుమని చప్పుడు వస్తున్నా, మిగతా పనులన్నీ ఆపి ముందు ముఖ్యమైన ఫైళ్లను బయటి డిస్క్‌లోకి తీయాలి. అలాంటి డిస్క్‌ను మొత్తంగా క్లోన్ చేయబోతే, అంటే ఉన్నదున్నట్టు నకలు తీయబోతే, పాడైన చోట్ల దగ్గర గంటల తరబడి ఆగి, మిగిలిన ప్రాణం కూడా పోతుంది.

క్లోన్ చేయడం మేలా, కొత్తగా ఎక్కించడం మేలా అని చాలామంది అడుగుతారు. క్లోన్‌జిల్లా వంటి ఉచిత సాధనంతో పాత డిస్క్‌ను ఉన్నదున్నట్టుగా ఎస్ఎస్‌డీలోకి దించుకోవచ్చు, ప్రోగ్రాములు మళ్లీ వేసుకునే శ్రమ ఉండదు. అయితే ఏడెనిమిదేళ్లుగా పేరుకున్న చెత్త, ఎప్పుడో తీసేసిన యాంటీవైరస్‌ల తోకలు, ఎవరు వేశారో తెలియని టూల్‌బార్లు కూడా వెంట వస్తాయి. లైసెన్సు మళ్లీ దొరకని ముఖ్యమైన సాఫ్ట్‌వేర్ ఉన్నవారు తప్ప, మిగతా అందరూ కొత్తగా ఎక్కించుకోవడమే మంచిదని నా అభిప్రాయం.

ఇక లెక్క సంగతి. డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్లు అందరికీ గుర్తుంటాయి. డెస్క్‌టాప్ మీద ఉన్నవి, డౌన్‌లోడ్స్‌లో ఉన్నవి సగం మందికే గుర్తుంటాయి. సీ డ్రైవ్‌లో నేరుగా చేసుకున్న ఫోల్డర్లు ఎవరికీ గుర్తుండవు. వన్‌డ్రైవ్ వాడేవారు ఫైలు పక్కన మేఘం గుర్తు ఉందేమో చూడాలి. ఆ గుర్తు ఉంటే ఫైలు నిజంగా ల్యాప్‌టాప్‌లో లేదని, పేరు మాత్రమే ఉందని అర్థం. బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డులు ఖాతాతో సింక్ అవుతున్నాయో లేదో చూసుకుని, కాకపోతే ఒక ఫైలుగా ఎగుమతి చేసి, కొత్త విండోస్‌లో ఎక్కించాక ఆ ఫైలును తుడిచేయాలి. ట్యాలీ వాడే వ్యాపారస్తులు డేటా ఫోల్డర్‌కు బ్యాకప్ తీయడంతో ఆగకుండా, ఆ కంప్యూటర్ మీద ఉన్న లైసెన్సును ట్యాలీలోనే సరెండర్ చేసి రావాలి. అది చేయకపోతే కొత్తగా వేసిన ట్యాలీలో లైసెన్సు ఎక్కించేటప్పుడు ఇబ్బంది ఎదురవుతుంది.

తెలుగులో రాసేవారు, డీటీపీ పని చేసేవారు తప్పక చూడవలసినది ఫాంట్ల సంగతి. డీటీపీలో వాడే అను ఫాంట్లు, ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగును తెలుగుగానే చూపించే యూనికోడ్ పద్ధతివి కావు. ఆ ఫాంట్లతో టైపు చేసిన ఫైలును, ఆ ఫాంట్లు లేని కంప్యూటర్‌లో తెరిస్తే తెలుగు అక్షరాల చోట అర్థం లేని ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు కనిపిస్తాయి. ఫైలు చెడిపోదు, చదివే దారి మాత్రం మూసుకుపోతుంది. మా నాన్నగారి వ్యాసాలు దాదాపు మూడు వందలు అలాంటివే. అందువల్ల విప్పక ముందు ఒక పూట కూర్చుని నాలుగు పనులు చేశాం. విండోస్ ఫోల్డర్‌లోని ఫాంట్స్ ఫోల్డర్ మొత్తాన్ని బయటి డిస్క్‌లోకి నకలు తీశాం. అను ఇన్‌స్టాల్ చేసే ఫైళ్లు, వాటి లైసెన్సు వివరాలు ఎక్కడున్నాయో వెతికి పెట్టుకున్నాం. ప్రతి వ్యాసాన్నీ పీడీఎఫ్‌గా భద్రపరిచాం. ముఖ్యమైన వాటిని యూనికోడ్‌లోకి మార్చాం. మార్చిన ప్రతిని ఆయన ఒకసారి చదవవలసి వచ్చింది, ఎందుకంటే మార్పిడిలో కొన్ని వత్తులు అక్కడక్కడా తారుమారయ్యాయి.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది బిట్‌లాకర్ తాళం. విండోస్ 10, 11లు ఉన్న చాలా ల్యాప్‌టాప్‌లలో, యజమానికి తెలియకుండానే డిస్క్‌కు ఎన్‌క్రిప్షన్ (కీ లేనిదే చదవలేని రహస్య లిపి) వేసి ఉంటుంది. ఆ డిస్క్ ల్యాప్‌టాప్‌లో ఉన్నంత కాలం ఏ అడ్డూ ఉండదు. దాన్ని బయటికి తీసి యూఎస్‌బీ పెట్టెలో (డిస్క్‌ను యూఎస్‌బీ తీగతో వేరే కంప్యూటర్‌కు కలిపే కేసు) పెట్టి తెరవబోతే మాత్రం 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ లేకపోతే ఆ ఫైళ్లను ఎవరూ తెరవలేరు. సెట్టింగ్స్‌లో డివైస్ ఎన్‌క్రిప్షన్ లేదా బిట్‌లాకర్ అన్నచోట చూసి, ఆన్‌లో ఉంటే ఆఫ్ చేసి డిస్క్ పూర్తిగా తెరుచుకునేదాకా ఆగాలి. లేదా మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉన్న ఆ 48 అంకెలను కాగితం మీద రాసుకోవాలి. బయోస్‌లో సెట్టింగులు మార్చినప్పుడు కూడా ఈ కీ అడిగే అవకాశం ఉంది. బయోస్ జోలికి వెళ్లకముందే ఈ పని చూసుకోవాలి.

విండోస్ లైసెన్సు గురించి దిగులు అక్కరలేదు. విండోస్ 8 కాలం నుంచి ల్యాప్‌టాప్‌తో పాటు వచ్చిన విండోస్ లైసెన్సు కీ ల్యాప్‌టాప్ మదర్‌బోర్డులోనే నిక్షిప్తమై ఉంటుంది. డిస్క్ మార్చినంత మాత్రాన అది పోదు. అయితే ఏ ఎడిషన్ ఉందో సెట్టింగ్స్‌లో చూసి రాసుకోవాలి. మన దేశంలో అమ్మిన ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి హోమ్ సింగిల్ లాంగ్వేజ్ అనే ఎడిషన్ ఉంటుంది. ఆ ల్యాప్‌టాప్‌లో ప్రో ఎక్కిస్తే యాక్టివేట్ కాదు.

ఏ విండోస్ అన్నదీ ఇక్కడే తేల్చుకోవాలి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 (తాళాలు దాచే భద్రతా చిప్), సెక్యూర్ బూట్ (నమ్మదగిన వ్యవస్థనే మొదలుకానిచ్చే ఏర్పాటు) ఉండాలి, ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం నుంచి మొదలయ్యే ప్రాసెసర్లే మైక్రోసాఫ్ట్ జాబితాలో ఉన్నాయి. అది పడే ల్యాప్‌టాప్ ఉన్నవారు నిస్సందేహంగా 11 ఎక్కించుకోవచ్చు. పడనివారికి రెండు దారులు ఉన్నాయి. ఒకటి, విండోస్ 10నే కొత్తగా ఎక్కించి, 2026 అక్టోబరు 13 వరకు ఇచ్చే పొడిగింపు భద్రతా అప్‌డేట్లలో నమోదు కావడం. రెండోది, విండోస్ బదులు లినక్స్ మింట్ వంటి ఉచిత ఆపరేటింగ్ వ్యవస్థకు మారడం. నిబంధనలను దాటవేసి పాత ప్రాసెసర్ మీద 11 ఎక్కించే కిటుకులు ఉన్నాయి గాని, పెద్దవాళ్లు ఒంటరిగా వాడుకునే ల్యాప్‌టాప్‌లో నేను వాటిని వాడను. ఏదో ఒక అప్‌డేట్ దగ్గర ఆగిపోయినప్పుడు వారికి దారి చూపే వాళ్లు పక్కన ఉండరు.

పెన్‌డ్రైవ్ తయారీ పెద్ద పనేమీ కాదు. పాత డిస్క్ ఇంకా లోపల ఉండగానే, మైక్రోసాఫ్ట్ వెబ్‌సైటులో ఉన్న మీడియా క్రియేషన్ టూల్‌ను దించుకుని, కనీసం 8 జీబీ ఉన్న పెన్‌డ్రైవ్‌ను గుచ్చి అది చెప్పినట్టు చేస్తే సరిపోతుంది. పెన్‌డ్రైవ్‌లో అంతకు ముందున్నవన్నీ చెరిగిపోతాయి. ఇంకో పెన్‌డ్రైవ్‌లో మీ మోడల్‌కు సంబంధించిన వైఫై డ్రైవర్‌ను (వైఫై భాగాన్ని విండోస్‌తో పనిచేయించే ప్రోగ్రామ్), ప్రాసెసర్ ఇంటెల్ 11వ తరం లేదా ఆ తరువాతిదైతే ఇంటెల్ ర్యాపిడ్ స్టోరేజ్ డ్రైవర్‌ను కూడా దించి, అన్‌జిప్ చేసి పెట్టుకోవాలి. రెండోది ఎందుకో తరువాత తెలుస్తుంది.

అడుగు విప్పడం

చెక్క బల్ల మీద నూలు గుడ్డ పరుచుకుని, దాని మీద ల్యాప్‌టాప్‌ను బోర్లా పెట్టాలి. సిల్కు దుప్పట్లు, పాలిస్టర్ గుడ్డలు, ఏసీ గదిలో తివాచీలు స్థిర విద్యుత్తును పుట్టిస్తాయి కాబట్టి వాటికి దూరంగా కూర్చోవాలి. చేతిని ఒకసారి కిటికీ ఊచకో, పంపు గొట్టానికో ఆనించి మొదలుపెట్టడం మంచి అలవాటు. ల్యాప్‌టాప్‌ను స్లీప్‌లో కాకుండా పూర్తిగా షట్‌డౌన్ చేసి, ఛార్జర్ తీసి, బ్యాటరీ బయటికి వచ్చే రకమైతే దాన్ని కూడా తీసి, పవర్ మీటను పదిహేను సెకన్లు నొక్కి పట్టుకోవాలి.

స్క్రూడ్రైవర్ మొన సరైనది కాకపోతే స్క్రూ తల అరిగిపోయి మొత్తం పని అక్కడే ఆగిపోతుంది. చాలా ల్యాప్‌టాప్‌లకు నక్షత్రం మొనలలో పీహెచ్0, కొన్నిటికి పీహెచ్00 సరిపోతాయి. ఒక అట్టముక్క మీద ల్యాప్‌టాప్ అడుగు బొమ్మ గీసుకుని, ఏ స్క్రూను ఎక్కడి నుంచి తీశారో బొమ్మలో అక్కడే గుచ్చుతూ పోవాలి. స్క్రూలన్నీ ఒకేలా కనిపించినా పొడవుల్లో తేడా ఉంటుంది. నేను తొలిరోజుల్లో ఒక ల్యాప్‌టాప్‌కు పొడవు స్క్రూను పొట్టి రంధ్రంలో బిగించి, అరచేయి ఆనేచోట పై మూత మీద చిన్న బుడిపె లేపాను. అది ఇప్పటికీ అలాగే ఉంది. ఆనాటి నుంచి అట్టముక్క లేకుండా నేను స్క్రూడ్రైవర్ పట్టుకోలేదు.

స్క్రూలన్నీ తీసినా మూత రాలేదంటే ఇంకా ఎక్కడో ఒకటి దాగి ఉందని అర్థం. మా నాన్నగారి ల్యాప్‌టాప్‌కు పైకి కనిపించేవి పదకొండు. మిగిలిన రెండూ వెనుక రబ్బరు కాలి కింద ఉన్నాయి. వేలిగోటితో రబ్బరును నెమ్మదిగా ఎత్తితే, ఎండిన జిగురు దారాలుగా సాగుతూ వచ్చి, కింద రెండు నల్లని స్క్రూ తలలు కనిపించాయి. సీడీ డ్రైవ్ ఉన్న మోడళ్లలో దాన్ని బయటికి లాగిన తరువాత కనిపించే స్క్రూలు కూడా ఉంటాయి. ఆ తరువాత పాత ఏటీఎం కార్డును గాని, గిటారు మీటే ప్లాస్టిక్ ముక్కను గాని అంచులో దూర్చి మూత చుట్టూ జరుపుతూ వస్తే క్లిప్పులు టప్పు టప్పుమని ఊడతాయి. ఇనుప స్క్రూడ్రైవర్‌తో పెకలించకూడదు. మూత ఊడగానే ఒక్కసారిగా పైకి ఎత్తకుండా, కొద్దిగా తెరిచి లోపల ఏదైనా పట్టీ దానికి అంటుకుని ఉందేమో చూడాలి.

లోపల మొదట చేయవలసింది బ్యాటరీ కనెక్టర్‌ను వేరు చేయడం. వైర్లను పట్టుకుని లాగకుండా, కనెక్టర్ రెండు చెవులను గోళ్లతో పట్టుకుని సమంగా వెనక్కి జరపాలి. హార్డ్‌డిస్క్ సాధారణంగా ఒక లోహపు చట్రంలో ఉండి, మూడు నాలుగు స్క్రూలతో బిగించి ఉంటుంది. చట్రాన్ని విప్పి, డిస్క్‌ను సాటా కనెక్టర్ నుంచి అడ్డంగా జరిపి తీసి, అదే చట్రంలో ఎస్ఎస్‌డీని అదే ముఖంగా అమర్చి, వెనక్కి గుచ్చితే చాలు. కొన్ని మోడళ్లలో కనెక్టర్‌కూ బోర్డుకూ మధ్య కాగితంలాంటి పలుచని పట్టీ ఉంటుంది. దాని చివరన ఉండే చిన్న తలుపును పైకి ఎత్తాకే పట్టీని తీయాలి.

ఎం.2 పట్టీ అయితే గూడులోకి దాదాపు 30 డిగ్రీల వాలుతో దూర్చి, బంగారు రంగు గీతలు లోపలికి పోయేదాకా నెట్టి, తరువాత కిందికి నొక్కి స్క్రూ బిగించాలి. స్క్రూ తీస్తే పట్టీ తనంతట తాను పైకి లేవడం మామూలే. అడుగు తెరిచి ఉండగానే మెత్తని పెయింట్ బ్రష్‌తో ఫ్యాన్ దుమ్ము దులపాలి, ఫ్యాన్ రెక్కలు తిరగకుండా వేలితో ఆపి పట్టుకోవాలి. మూత బిగించే ముందు ఒకసారి బ్యాటరీ కనెక్టర్ పెట్టి ఆన్ చేసి, బయోస్‌లో ఎస్ఎస్‌డీ పేరు కనిపిస్తోందో లేదో చూసి, మళ్లీ ఆఫ్ చేసి బిగించడం శ్రేయస్కరం. కనిపించకపోతే చాలాసార్లు అది పూర్తిగా లోపలికి దిగకపోవడమే కారణం.

ల్యాప్‌టాప్‌లో రెండు గూళ్లు ఉండి, పాత హార్డ్‌డిస్క్‌ను కూడా అలాగే ఉంచుకుందామని అనుకునేవారు సైతం, విండోస్ ఎక్కించేంతవరకు దాన్ని తీసి పక్కన పెట్టాలి. రెండూ ఉంటే, పొరపాటున పాత డిస్క్‌ను చెరిపే ప్రమాదం ఒకటి. విండోస్ తనను మొదలుపెట్టే బూట్ ఫైళ్లను పాత డిస్క్‌లో పెట్టుకునే ప్రమాదం రెండోది. అలా జరిగితే, ఎప్పుడో పాత డిస్క్ చెడిన రోజున కొత్త ఎస్ఎస్‌డీ బాగున్నా ల్యాప్‌టాప్ లేవదు.

విండోస్ ఎక్కించడం

ఈ పని మధ్యలో కరెంటు పోకూడదు. పాత ల్యాప్‌టాప్‌ల బ్యాటరీ పది నిమిషాలు కూడా నిలవదు కాబట్టి, ఛార్జర్‌ను ఇన్వర్టర్ ఉన్న ప్లగ్గుకు పెట్టుకోవాలి.

పెన్‌డ్రైవ్ గుచ్చి ఆన్ చేస్తూ, ఏ డ్రైవ్ నుంచి మొదలవ్వాలో అడిగే బూట్ మెనూ మీటను వరుసగా తట్టాలి. డెల్, లెనోవోలకు సాధారణంగా ఎఫ్12, హెచ్‌పీకి ఎఫ్9, ఆసుస్‌కు ఎస్కేప్. ఏసర్‌లో కూడా ఎఫ్12 అయినా, ముందుగా బయోస్‌లోకి వెళ్లి ఆ మెనూను ఆన్ చేయాల్సి రావచ్చు. మెనూలో పెన్‌డ్రైవ్ పేరు రెండుసార్లు కనిపిస్తే, పేరుకు ముందు యూఈఎఫ్ఐ (కొత్త తరహా బయోస్) అని ఉన్నదాన్నే ఎంచుకోవాలి. డెల్ ల్యాప్‌టాప్ ఉన్నవారు దీనికంటే ముందే బయోస్‌లో స్టోరేజ్ విధానం (డిస్క్‌తో మాట్లాడే పద్ధతి) రెయిడ్ అని ఉంటే ఏహెచ్‌సీఐకి మార్చుకోవడం మంచిది.

తరువాతి తెరల్లో ప్రోడక్ట్ కీ అడిగినప్పుడు కీ లేదన్న వాక్యం మీద నొక్కి, ఎడిషన్ల జాబితా వస్తే ముందు రాసిపెట్టుకున్న ఎడిషన్‌నే ఎంచుకోవాలి. కొత్త ఎస్ఎస్‌డీ అన్‌అలొకేటెడ్ స్పేస్ అనే ఒకే ఒక వరుసగా కనిపిస్తుంది. దాన్ని ఎంచుకుని ముందుకు పోతే చాలు, కావలసిన పార్టిషన్లను విండోసే చేసుకుంటుంది. ఆ జాబితాలో ఏ డ్రైవూ కనిపించకపోతే ఎస్ఎస్‌డీ చెడ్డదని కంగారుపడకండి. ఇంటెల్ 11వ తరం నుంచి వచ్చిన చాలా ల్యాప్‌టాప్‌లలో వీఎండీ అనే ఏర్పాటు వల్ల, డ్రైవర్ లేనిదే ఇన్‌స్టాలర్‌కు ఎన్‌వీఎంఈ కనిపించదు. లోడ్ డ్రైవర్ నొక్కి, రెండో పెన్‌డ్రైవ్‌లో పెట్టుకున్న ర్యాపిడ్ స్టోరేజ్ ఫోల్డర్‌ను చూపిస్తే డ్రైవ్ వెంటనే ప్రత్యక్షమవుతుంది.

ఫైళ్ల నకలు పూర్తయ్యి మొదటిసారి రీస్టార్ట్ అయినప్పుడు పెన్‌డ్రైవ్‌ను తీసేయాలి, లేకపోతే కొన్ని ల్యాప్‌టాప్‌లు మళ్లీ మొదటి తెరకే వస్తాయి. విండోస్ 11 హోమ్ ఎడిషన్ ఇంటర్నెట్ లేనిదే ముందుకు సాగనివ్వదు, వైఫై డ్రైవర్ లేనిదే ఇంటర్నెట్ రాదు. ఈ చిక్కుముడికి సులువైన పరిష్కారం ఆండ్రాయిడ్ ఫోన్. ఛార్జింగ్ కేబుల్‌తో ఫోన్‌ను ల్యాప్‌టాప్‌కు కలిపి, ఫోన్ సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే, చాలావరకు ఏ డ్రైవరూ లేకుండానే నెట్ వస్తుంది.

లినక్స్ మింట్ వైపు వెళ్లేవారికి ఒక సౌకర్యం ఉంది. ఎక్కించక ముందే పెన్‌డ్రైవ్ నుంచి నేరుగా నడిపి, వైఫై, శబ్దం, కెమెరా, ప్రింటర్ పనిచేస్తున్నాయో లేదో చూసుకోవచ్చు. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అందులోనే ఉంది, లిబ్రే ఆఫీస్‌లో తెలుగు చక్కగా కనిపిస్తుంది. అను, పేజ్‌మేకర్, ట్యాలీ మీద ఆధారపడ్డవారికి మాత్రం అది అనువైనది కాదు. మా నాన్నగారు అందుకే ప్రస్తుతానికి పొడిగింపు అప్‌డేట్లతో విండోస్ 10లోనే ఉండి, వ్యాసాలను యూనికోడ్‌లోకి మార్చుకుంటూ వస్తున్నారు. ఆ పని ముగిసిన రోజున మింట్‌కు మారతారు.

ఎక్కించాక

మొదట విండోస్ అప్‌డేట్‌ను, ఇక చేయవలసినవి లేవని చెప్పేదాకా నడపాలి. చాలా డ్రైవర్లు దానితోనే వస్తాయి. డివైస్ మేనేజర్‌లో పసుపు త్రికోణం ఇంకా ఎక్కడైనా మిగిలి ఉంటే, ఆ భాగానికి మాత్రం తయారీదారు వెబ్‌సైటు నుంచి డ్రైవర్ తెచ్చుకోవాలి. డ్రైవర్లన్నీ వెతికి పెడతామనే ప్రోగ్రాముల జోలికి వెళ్లవద్దు, అవి అక్కరలేనివి కూడా వెంట తెస్తాయి. ఆప్టిమైజ్ డ్రైవ్స్ అనే విండోలో మీ డ్రైవ్ సాలిడ్ స్టేట్ డ్రైవ్ అని కనిపిస్తే, ఎస్ఎస్‌డీకి కావలసిన ట్రిమ్ పనిని (చెరిపిన ఫైళ్ల చోటు ఖాళీ అయిందని ఎస్ఎస్‌డీకి చెప్పడం) విండోస్ తనే చేసుకుంటుంది. హార్డ్‌డిస్క్‌లో ఫైళ్ల ముక్కలను ఒకచోట చేర్చే డీఫ్రాగ్ ప్రోగ్రాములు వేరేవి నడపకూడదు. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయిన కొత్త విండోస్ 11, డిస్క్‌కు మళ్లీ ఎన్‌క్రిప్షన్ వేసుకునే అవకాశం ఉంది కాబట్టి, కొత్త 48 అంకెలను కూడా రాసిపెట్టుకోవాలి.

ఒక సంగతి ఇప్పుడే మనసులో పెట్టుకోవాలి. హార్డ్‌డిస్క్ చాలాసార్లు చప్పుళ్లతోనో, నెమ్మదించడంతోనో ముందుగా హెచ్చరిస్తుంది. ఎస్ఎస్‌డీ అయితే ఒకరోజు హఠాత్తుగా కనిపించకుండా పోవచ్చు. ట్రిమ్ వల్ల, చెరిపిన ఫైళ్లను తిరిగి రాబట్టడం కూడా దాదాపు అసాధ్యం. ఏళ్ల తరబడి కరెంటు లేకుండా బీరువాలో పడి ఉంటే ఎస్ఎస్‌డీలోని సమాచారం క్రమంగా చెదిరే అవకాశం ఉంది. పెళ్లి వీడియోలు, కుటుంబం ఫొటోలు దాచడానికి బయటి హార్డ్‌డిస్కే ఇప్పటికీ తగినది.

ఇక పాత డిస్క్. ఎస్ఎస్‌డీ వచ్చిన వెండిరంగు సంచిలోనే దాన్ని పెట్టి, తీసిన తేదీ రాసి అతికించండి. యూఎస్‌బీ పెట్టెలో పెట్టి కలిపితే మామూలు డ్రైవ్‌లా తెరుచుకుంటుంది. యూజర్స్ ఫోల్డర్‌లోకి వెళ్లేటప్పుడు అనుమతి లేదంటే కంటిన్యూ నొక్కితే చాలు. కావలసినవాటిని నకలు తీయండి, కట్ చేసి పేస్ట్ చేయకండి. మా ఇంట్లో పందొమ్మిదో రోజున నాన్నగారు, మా తాతయ్య చేతిరాత లేఖలను స్కాన్ చేసిన ఫోల్డర్ ఎక్కడుందని అడిగారు. డాక్యుమెంట్స్‌లో లేదు, బయటి డిస్క్‌లో లేదు. పాత డిస్క్ కలిపి వెతికితే సీ డ్రైవ్‌లో న్యూ ఫోల్డర్ 3 అనే పేరుతో, నలభై రెండు బొమ్మలతో దొరికింది.

నెల గడిచి, ఇంట్లో అందరూ అక్కరలేదన్నాక, క్రిస్టల్ డిస్క్ ఇన్ఫోలో నీలం రంగు చూపించే డిస్క్ అయితే బ్యాకప్ కోసం వాడుకోవచ్చు. పసుపు చూపించేదైతే వాడకూడదు. ఎవరికైనా ఇచ్చేటట్టయితే ఫైళ్లు డిలీట్ చేయడం, క్విక్ ఫార్మాట్ చేయడం చాలవు, వాటిని సులువుగా వెనక్కి తీయవచ్చు. ఫార్మాట్ విండోలో క్విక్ ఫార్మాట్ ఎదురుగా ఉన్న టిక్కును తీసేసి పూర్తి ఫార్మాట్ చేస్తే విండోస్ డిస్క్ అంతటా సున్నాలు రాస్తుంది. 1 టీబీ డిస్క్‌కు దీనికి మూడు నాలుగు గంటలు పడుతుంది కాబట్టి, సెట్టింగ్స్‌లో స్లీప్‌ను నెవర్ అని పెట్టి, యూఎస్‌బీ తీగను ఎవరూ కదపని చోట ఉంచి మొదలుపెట్టండి.